సద్ది దినం

మొన్న ఏప్రిల్ల, యాసంగి వడ్లు మీద పడ్డప్పుడు
మా మిల్లు సార్టెక్స్ మిషిన్‌కు చూపు మందగించింది.
మంచి గింజను ఊది అవతల పారేసుడు,
నల్ల గింజను ముద్దుగ బస్తాలకు పంపుడు.
సేటు నెత్తి పట్టుకున్నడు. మిర్యాలగూడ రోడ్డు పొడుగునా లారీలు.

మిషిన్ పుట్టిన దేశం నుంచే మనిషి దిగిండు.
ఫాన్ షిలిన్. హమాలీలు రెండో దినానికే పానయ్య అన్నరు.
ఆయనకు తెలుగు రాదు, నాకు ఆయన మాట రాదు,
నడుమ ఫోను, సగం తెలిసిన దుబాసి.

మూడో దినం పొద్దున పానా ముట్టలేదు.
కానుగ కొత్తాకు మండ తెంపి
మిషిన్ నెత్తిన చెక్కిండు.
కాంటీన్ల కుతకుతమనే పప్పు వద్దన్నడు.
"ఇయ్యాల నిప్పు ముట్టింది తినను"
అన్నది ఫోను, ఆడగొంతుతోటి.

పానం బాగలేదా?
కాదు. మా దేశంల ఇయ్యాల సెలవు. సమాధులు ఊడ్చే పండుగ.
చల్లబువ్వ ఇప్పుడు ఎవలూ పాటిస్తలేరు,
మా అవ్వ పాటించేది.

శానా ఎనకట ఒక రాజకొడుకు
రాజ్యం పోయి అడవులు పట్టిండట.
ఆకలికి కండ్లు తిరిగి పడ్డనాడు
ఎంబడున్నోడొకడు తన తొడ కోసి చారు కాసి తాపిండట.
పందొమ్మిదేండ్లకు గద్దె దొరికింది.
అందరికీ ఊర్లు పంచిండు,
తొడ ఇచ్చినోని పేరే యాదికి రాలేదు.
వాడూ అడగలేదు. ముసలి తల్లిని ఈపున వేసుకొని గుట్టెక్కిండు.
యాదికొచ్చినంక రాజే పోయి పిలిచిండు. దిగలేదు.
మూడు దిక్కుల నిప్పు వెడితే నాలుగో దిక్కున దిగుతడని
ఎవడో తెలివిగల్లోడు చెప్పిండట.
దిగలేదు.
కాలిన చెట్టు మొదట్ల తల్లీ కొడుకూ, బొగ్గు.
ఆ దినం ఏ ఇంట్లా పొయ్యి ముట్టియ్యొద్దని చాటింపు.
మరుసటేడు ఆ చెట్టే చిగురేసిందట.

"ఆ చెట్టు ఇక్కడ లేదు" అని కానుగ దిక్కు చూపెట్టిండు,
"దీనితోటి నడిపిస్తున్న."

బాయిలర్‌కు ఊక ఎత్తే కోటిలింగం అంతా ఇన్నడు.
"అప్పు తీర్చేటోడు గుట్టకు నిప్పు వెడతడా?"
ఫోను ఏమని చెప్పిందో,
పానయ్య శానాసేపు నవ్వి కండ్లు తుడుసుకున్నడు.

బాయిలర్ ఆపలేం. ఆపితే సేటు మమ్మల్ని ఉడకవెడతడు.
తౌడు ఊడ్చే మట్టమ్మ టిఫిన్ ఇప్పింది:
రాత్రి బువ్వ, పచ్చిపులుసు, సగం ఉల్లిగడ్డ.
"తిను బిడ్డా, మాకు రోజూ గిదే పండుగ."
ఉల్లిగడ్డ కొరికి బొటనవేలు లేపిండు పానయ్య.

పగటీలి తమ్ముడు వీడియోల మొకం చూపెట్టిండు.
ఎనక గడ్డి పీకిన సమాధి, ఎవరో పోరడు ఎగరేస్తున్న పతంగి,
కుప్పవోసి కాలవెడుతున్న కాయితపు నోట్లు.
నిప్పు వద్దంటివి గదా అన్న.
"చచ్చినోళ్లకూ ఖర్చులుంటయి."

తర్వాత అడిగిండు: మీ పెద్దలు ఎక్కడ?

నేరేడుగొమ్ము దిక్కు, సాగర్ నీళ్ల కింద.
ఎండలకు నీళ్లు ఎనుకకు పోతే రాళ్లు తేలుతయి.
ఏవి మావో నాయినకు ఎరుక,
నన్ను తీస్కపోయేలోపు నాయినా పోయిండు.

ఫోను తిరగేసి చెప్పేదాక ఆగిన.
ఇంకోటి చెప్పలేదు:
ఆ నీళ్లే ఎడమ కాలువల పడి వచ్చి
నువ్వు బాగుచేసే మిషిన్ల పోసిన ఈ వడ్లను పండిచ్చినయని,
ఊరు ఇడిసినోళ్ల పేర్లు ఏ గద్దెకూ యాదికి రాలేదని.

పొద్దుగూకే ఏళకు మిషిన్‌కు చూపొచ్చింది.
టక్ టక్ మని నల్ల గింజలు ఎగిరి పక్క డబ్బాల పడ్డయి.
గింజ ఎందుకు నల్లబడ్డదో దానికేం ఎరుక.

ఆదివారం దేవరకొండ బస్సెక్కిన,
చంకల కొత్త చీపురు.
కండక్టరు దానికి టికెట్ కొట్టాల్నా అని నవ్విండు.
బురదల పదకొండు రాళ్లు తేలినయి.
ఏది ఎవరిదో తెల్వక అన్నీ ఊడ్చిన.
తడి మట్టి,
చీపురుకు లేవనే లేదు.
చేతులతోటి తీసిన.